టెక్ సందేహాలు: మాన్యువల్‌లో చలికాలం, చిలికాలో వానాకాలం

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఫోను వేడెక్కుతోందని, మిగతా సగం ఫోటోలు పోయాయని ఉంటాయి. ఈ మే నెలలో మాత్రం ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి ఒకే విషయం మీద నాలుగు ఉత్తరాలు వచ్చాయి: కరెంటు మోటారు బిగించిన పడవ. అందులో మూడు తెరచాప పడవలే. మన బరంపురం వాళ్లు గాలికి ఎదురు వెళ్లడం చాలదని గాలితో కలిసి వెళ్లడం కూడా మొదలుపెట్టారన్నమాట. సంతోషం. ఈ వారం ఫోన్లకు సెలవు.

ప్రశ్న: మా నాన్నగారు రిటైరయ్యాక 18 అడుగుల తెరచాప పడవ కొని చిలికా సరస్సు ఒడ్డున రంభలో ఉంచారు. 3 కిలోవాట్ల కరెంటు మోటారు, 48 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ. మాన్యువల్‌లో ‘చలికాలంలో భద్రపరచడం’ అని ఒక అధ్యాయం ఉంది. దాని ప్రకారం ఆయన డిసెంబరులో బ్యాటరీ విప్పి ఇంటికి తెచ్చారు, ఫిబ్రవరి చివర తిరిగి బిగించారు. ఇప్పుడు వానలు వస్తున్నాయి. ఇంకేమైనా చేయాలా? (బరంపురం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందుగా, నాన్నగారిని ఏమీ అనకండి. పుస్తకం చెప్పినట్టు చేశారు. పుస్తకానిదీ తప్పు కాదు. అది సరస్సులు గడ్డకట్టే దేశంలో పుట్టింది. అక్కడ పడవకు శత్రువు మంచు. గొట్టంలో మిగిలిన నీరు గడ్డకట్టి గొట్టాన్నే పగలగొడుతుంది. సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని ఛార్జి చేస్తే లోపల లోహం పేరుకుని సెల్లు చెడిపోతుంది. కనుక అక్కడివాళ్లు అక్టోబరులో పడవను ఒడ్డుకు లాగి వసంతం వచ్చాక దింపుతారు. రంభలో జనవరి చలి శాలువాకు లొంగే చలి. ఆ నెలల్లో ఎండ మెత్తగా ఉంటుంది, చిలికాలోని నలబణ దీవి వైపు వలస పక్షులు దిగి ఉంటాయి, పడవ తిప్పడానికి ఏడాదిలో అంతకంటే మంచి రోజులు ఉండవు. సరిగ్గా ఆ రోజుల్లోనే మీ ఇంట్లో బ్యాటరీ మంచం కింద విశ్రాంతి తీసుకుంది.

మాన్యువల్‌లో ‘చలికాలం’ అని ఉన్నచోటల్లా కొట్టివేసి ‘జూన్ నుంచి నవంబరు నడిమి దాకా’ అని పెన్సిలుతో రాయమనండి. వానలు సెప్టెంబరుతో తగ్గినా నవంబరు దాకా ఎందుకంటే, ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. తిత్లీ పలాస వైపు దాటింది 2018 అక్టోబరు 11న. దసరా సెలవులకు మనవళ్లు వస్తారని పడవ దింపే తాతగారు ఈ రెండు తేదీలూ గోడ మీద రాసుకోవాలి.

ఇక్కడ శత్రువులు వేడి, తేమ. బ్యాటరీకి వేడి పడదు, అందులోనూ నిండా ఛార్జి ఉన్నప్పుడు అసలు పడదు. కనుక దాన్ని సగానికి తెచ్చి విప్పండి. స్విచ్ ఆపితే సరిపోతుందనుకోవద్దు. లోపలి రక్షణ సర్క్యూటు, దాని బ్లూటూత్ కలిసి చుక్క చుక్కగా తాగుతూనే ఉంటాయి, అయిదు నెలల్లో ఆ చుక్కలే చెంబెడవుతాయి. మోటారు తీగలు, సోలారు తీగలు అన్నీ వేరుచేయండి. నెలన్నరకోసారి చూసి, 30 శాతం కిందకు దిగితే మళ్లీ సగానికి ఎక్కించండి. రేకుల షెడ్డులో కాకుండా ఇంటి లోపలి గదిలో, వరద నీరు అందని ఎత్తులో పెట్టండి. ఆ పెట్టె నలభై కిలోల పైమాటే. నాన్నగారిని ఒంటరిగా మోయనివ్వకండి.

తరువాత మోటారు. మంచినీళ్లతో కడిగి ఆరనిచ్చాక ప్రొపెల్లరు విప్పి చూడాలి. ఈ పని ఎవరూ చేయరు, నేనూ చేసేవాణ్ణి కాదు. పోయినేడు రంభలోనే ఒక మిత్రుడి మోటారు విప్పినప్పుడు ప్రొపెల్లరు వెనక ఇరుసుకు చుట్టుకుని ఒక నీలం గాజు కనిపించింది. గాజు కాదు, వల దారం. తిరిగి తిరిగి రాపిడికి కరిగి, గట్టిపడి గాజులా బిగుసుకుంది. బ్లేడుతో కోసి తీస్తే కింద రబ్బరు సీలు అంచు మీద గోటితో గీసినట్టు గాడి. ఆ మోటారుకు గేరు పెట్టె ఉంది. నూనె బోల్టు వదులు చేస్తే బంగారు రంగులో రావలసినది మజ్జిగలా వచ్చింది. అంటే లోపలికి నీళ్లు వెళ్లి చాలా రోజులైంది. సీలు ఖరీదు చిన్నదే. మరో వానాకాలం అలాగే వదిలేసి ఉంటే బేరింగులు, ఆపైన మోటారు పోయేవి. విప్పేముందు తాళం చెవిలా ఉండే అయస్కాంతపు కీ తీసి జేబులో వేసుకోండి. కరెంటు మోటారు ఆగి ఉన్నప్పుడు చప్పుడు చేయదు, తిరగబోయే ముందూ చేయదు.

చివరగా తీగల కొనలు. ప్లగ్గు ఊడదీసి చూడండి. రాగి ఎర్రగా మెరుస్తోందా, పచ్చగా చిలుము పట్టిందా? చిలుము చూడ్డానికి చిన్న విషయం. లెక్క చూడండి: మీ మోటారు పూర్తి వేగంలో 60 ఆంపియర్ల దాకా లాగుతుంది. చిలుము వల్ల ఆ అతుకు దగ్గర ఓములో వందో వంతు నిరోధం చేరినా, అక్కడ 36 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మెకానిక్కు చేతిలోని సోల్డరింగ్ ఐరన్ అంత. ప్లాస్టిక్కు ప్లగ్గు లోపల సోల్డరింగ్ ఐరన్ పెట్టి సరస్సు మధ్యకు వెళ్లడం అన్నమాట. చిలుము తీగ లోపలికి పాకి ఉంటే గీకడం వృథా, ఆ ముక్క కోసివేసి తగరం పూత ఉన్న రాగి తీగ వేయించండి.

పడవ సంగతి మీకు తెలిసినదే. తెరచాప కొయ్య దించి, అణియం (పడవ ముందు కొస) కాస్త ఎత్తుగా ఉండేలా నిలబెట్టి, అడుగున నీరు పోయే బిరడా తీసి ఉంచండి. టార్పాలిన్ గాలి ఆడకుండా బిగిస్తే లోపల బూజు పంట పండుతుంది.

ప్రశ్న: మోటారు కాలికి ఒక జింకు ముక్క బిగించి ఉంది. అది ఏటా అరిగిపోతుందని, మార్చాలని అమ్మినవాళ్లు చెప్పారు. రెండేళ్లు దాటినా అంగుళం అరగలేదు. మంచి సరుకు దొరికిందని అనుకోవచ్చా? (రంభ)

జవాబు: అనుకోకండి. ఆ ముక్క పుట్టిందే అరిగిపోవడానికి. ఉప్పునీటిలో రెండు వేరు లోహాలు తగిలి ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేసి, వాటిలో బలహీనమైనది కరిగిపోతుంది. మోటారు అల్యూమినియం తొడుగు బదులు తాను కరగడం జింకు ఉద్యోగం. అది రెండేళ్లుగా జీతం తీసుకుని పని మానేసింది.

కారణం మీ నీళ్లే. చిలికా సముద్రమూ కాదు, మంచినీటి చెరువూ కాదు. ఎండాకాలంలో సముద్రపు ఉప్పు పైచేయి, వానల్లో ఉత్తరాన దయా, భార్గవి నదుల వరద పైచేయి. సరస్సు విస్తీర్ణం కూడా ఎండల్లో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానల్లో 1,100 దాటుతుంది. 2000 సెప్టెంబరులో సిపకుద దగ్గర సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వాక ఉప్పు రాకపోకలు మళ్లీ పెరిగాయి. మీ రంభ దక్షిణపు కొస కనుక ఉత్తరం వైపు ఉన్నంత హెచ్చుతగ్గులు ఉండవు గానీ, నికరమైన సముద్రపు నీరైతే కాదు. జింకు నికరమైన ఉప్పునీటికి సరిపోతుంది. ఉప్పు తగ్గినచోట దానిపై తెల్లటి పొర కట్టి నిద్రపోతుంది, మళ్లీ ఉప్పు పెరిగినా సరిగా లేవదు.

మీకు కావలసింది అల్యూమినియం మిశ్రమంతో చేసిన ముక్క. ఉప్పునీటిలోనూ, ఉప్పు తగ్గిన నీటిలోనూ పనిచేస్తుంది. ఛత్రపురం పక్కన తంపర సరస్సులాంటి మంచినీటిలో మాత్రమే తిప్పేవారికి మెగ్నీషియం. దాన్ని మీ దగ్గర వేస్తే ఎండాకాలంలో ఉప్పుగల్లులా కరిగిపోతుంది. కొత్తది బిగించే ముందు అడుగున ఉన్న పెయింటు గీకండి, లోహానికి లోహం తగలాలి. ముక్క మీద రంగు వేయకండి. మోటారు అందంగా ఉండాలని దానికీ వెండి రంగు వేసిన పెద్దమనిషిని నేను చూశాను.

ప్రశ్న: మాది సొనపురం. నాన్న ఫైబరు పడవకు పెట్రోలు మోటారు ఉంది. దాని బదులు కరెంటు మోటారు పెట్టి, నాలుగు ఇ-రిక్షా బ్యాటరీలతో నడపాలని నా ఆలోచన. లిథియం ఖరీదులో సగం కూడా పడదు. సాధ్యమేనా?

జవాబు: నడుస్తుంది. సముద్రంలోకి మాత్రం వద్దు. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్‌వి నాలుగు కలిపితే కాగితం మీద 4.8 కిలోవాట్ అవర్లు. అవి సీసం బ్యాటరీలు, సగానికి మించి తోడితే త్వరగా చస్తాయి, అంటే చేతికి వచ్చేది 2.4. బరువు వంద కిలోలు దాటుతుంది. ఇద్దరు మనుషులను ఎక్కించుకుని, వాళ్ల చేత పని చేయించుకోలేనట్టు.

అసలు భయం అది కూడా కాదు. సముద్రపు నీరు సీసం బ్యాటరీ లోపలికి వెళితే క్లోరిన్ వాయువు పుడుతుంది. బాహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు దాటేటప్పుడు పడవలోకి ఎన్ని నీళ్లు వస్తాయో నాకంటే మీ నాన్నకు బాగా తెలుసు. మోటారు ఆగిపోతే పడవ అలకు అడ్డం తిరిగేది కూడా అక్కడే. లోపలి నీళ్లలో, మొగ దాటకుండా, వలలు చూసి రావడానికైతే సరే. ఒడ్డున ఉంచినప్పుడు మొదటి జవాబులో లిథియానికి చెప్పినది దీనికి పూర్తిగా తిరగవేయండి. సీసం బ్యాటరీని ఎప్పుడూ నిండుగానే ఉంచాలి, సగంలో వదిలితే పలకల మీద గట్టి పొర కట్టి మళ్లీ ఛార్జి ఎక్కదు.

కరెంటు పడవ మీద మాత్రం ఆశ వదులుకోకండి. కేరళలో వైక్కం దగ్గర ‘ఆదిత్య’ అనే సోలారు పడవ 2017 నుంచి ఒక్కసారికి 75 మందిని దాటిస్తోంది. అయితే అది ‘కాయల్’ అనే తీరపు సరస్సులో, అలలు లేని నీటిలో.

ప్రశ్న: మొన్న చిలికాలో ఉండగా సాయంత్రం గాలి ఎదురు తిరిగింది. తెరచాప దించి మోటారు వేశాను. యాప్‌లో బ్యాటరీ 48 శాతం చూపిస్తూ ఉండగానే మోటారు టక్కున ఆగిపోయింది. యాప్ మార్చాలా, బ్యాటరీ మార్చాలా? ఇంకొకటి, తెరచాపతో వెళ్లేటప్పుడు ప్రొపెల్లరు తిరిగి బ్యాటరీ ఛార్జి అవుతుందంటారు, నిజమేనా? (ఛత్రపురం. నాదీ 18 అడుగుల పడవే, 3 కిలోవాట్లు, 100 ఆంపియర్ అవర్.)

జవాబు: ప్రస్తుతానికి రెండూ మార్చకండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ముఖం చూసి ఆకలి చెప్పలేం. 80 శాతం నుంచి 30 శాతానికి పడిపోయినా ఒక్కో సెల్లులో మారేది వోల్టులో పదో వంతే. అందుకని యాప్ వోల్టేజీని నమ్మదు. వచ్చిన కరెంటు, పోయిన కరెంటు కూడికలు తీసివేతలు చేసుకుంటూ పోతుంది. పచారీ కొట్టు ఖాతాలాగే, రోజూ చిల్లర పైసలు తప్పుతాయి. నెలకోసారి బ్యాటరీ నిండా ఎక్కితే యాప్ ‘ఇది 100’ అని ఖాతా సరిచేసుకుంటుంది. సోలారుతో 70, 80 దాకా ఎక్కించి తిప్పేవారికి ఆ అవకాశమే రాదు. మీరు చూసిన 48 నెలల తరబడి పేరుకున్న తప్పు కావచ్చు.

ఈ ఆదివారం ఛార్జరు పెట్టి పూర్తిగా ఎక్కించండి, 16 సెల్లుల పెట్టెకు సాధారణంగా 56 నుంచి 58 వోల్టుల మధ్య. నిండిన తరువాత కూడా కొన్ని గంటలు వదిలేయండి, హెచ్చుతగ్గుగా ఉన్న సెల్లులు సమానమయ్యేది అప్పుడే. ఆపైన యాప్‌లో సెల్లుల వోల్టేజీ పేజీ తెరిచి, ఒడ్డున కట్టిన పడవలోనే మోటారును కాసేపు గట్టిగా తిప్పి చూడండి. పదిహేను సెల్లులు కలిసి దిగుతుంటే ఒకటి మాత్రం ముందే కిందకు జారితే దోషి అదే. ఆ ఒక్కదాన్ని కాపాడటానికే రక్షణ సర్క్యూటు మొత్తం ఆపేసింది. అప్పుడు అమ్మినవాళ్ల దగ్గరకు ఆ పేజీ ఫోటోతో వెళ్లండి. యాప్ అప్‌డేట్ అడిగితే ఒడ్డున ఉన్నప్పుడే చేయండి.

ఎదురుగాలిలో మీరు చేతిపిడి చివరిదాకా తిప్పి ఉంటారని నా అనుమానం. నీటిగీత దగ్గర పడవ పొడవు 16 అడుగులు అనుకుందాం. వర్గమూలం 4, దాన్ని 1.34తో హెచ్చిస్తే 5.36 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు). ఈ పడవ హాయిగా పోగల వేగానికి హద్దు అది. ఆ దరిదాపుల్లో ఎంత కరెంటు పోసినా పడవ తాను లేపిన అలనే ఎక్కుతూ కూర్చుంటుంది. ఖర్చయ్యే శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. 3 కిలోవాట్లకు 5 నాట్లు వస్తే, 1 కిలోవాటుకే మూడున్నర వస్తాయి. అయిదో వంతు ఛార్జి ఆపదకు దాచుకుంటే పూర్తి వేగంతో 12 కిలోమీటర్లు, నెమ్మదిగా వెళితే 26. ఎండాకాలపు సాయంత్రం ఈదురుగాలి వచ్చినప్పుడు ఈ లెక్క కూడా పనిచేయదు. తెరచాప దించి లంగరు వేసి కూర్చోవడమే. ఆ గాలి సాధారణంగా గంట లోపలే వెళ్లిపోతుంది, దానితో పోటీకి మోటారు వేసి బ్యాటరీ ఖాళీ చేసుకోనక్కర్లేదు.

ఇక ప్రొపెల్లరుతో ఛార్జి. నిజమే, అన్ని మోటార్లలోనూ కాకపోయినా కొన్నింటిలో ఉంది. ఇక్కడా అదే ఘనం లెక్క అడ్డువస్తుంది. మూడు నాలుగు నాట్ల వేగంలో వచ్చేది పదుల వాట్లే. 30 వాట్లు అయిదు గంటలు వచ్చినా మీ బ్యాటరీలో 3 శాతం, దానికి బదులుగా పడవ వేగం తగ్గుతుంది. అమరం (పడవ వెనక కొస) దగ్గర తెరచాప నీడ పడని చోట 200 వాట్ల సోలారు పలక పెట్టుకోండి, ఒక ఎండ రోజులో అంతకు అయిదింతలు ఇస్తుంది.

ఆ రోజు ఒడ్డుకు ఎలా చేరారో మీరు రాయలేదు. చిలికా చాలాచోట్ల రెండు నిలువుల లోతు కూడా ఉండదు. రంభ రేవులో అడిగితే మంచి వెదురు గెడ దొరుకుతుంది, పడవలో పట్టేంత పొడవుది ఒకటి చూసి తెచ్చుకోండి.