క్యాంపర్ కోసం పాత వ్యాన్: ఇంజన్ కంటే ముందు బాడీ, బాడీ కంటే ముందు కాగితాలు

మీ ప్రశ్న ఇదీ: మార్పులతో కలిపి మూడున్నర లక్షల్లో పాత వ్యాన్ ఒకటి కొని, ఇద్దరు పడుకునేలా క్యాంపర్ చేసుకోవాలి. మారుతి ఓమ్నీ, ఈకో, టాటా వింగర్, ఫోర్స్ ట్రావెలర్‌లలో ఏది తీసుకోవాలి?

నన్నడిగితే వైట్ బోర్డు (సొంత వాడకానికి రిజిస్టర్ అయిన) ఉన్న, ఐదు సీట్ల, ఏసీ ఈకో పెట్రోల్ తీసుకోండి. నేను వాడేది 2015 ఈకో. మాది విశాఖ. అరకు, లంబసింగి, కోరాపుట్ వైపు మేమిద్దరం దానిలోనే వెళ్తాం, దానిలోనే పడుకుంటాం. కొనే ముందు చాలా బండ్లు చూశాను. ఆ తర్వాత స్నేహితుల కోసం వెళ్లి మరికొన్ని చూశాను. కాబట్టి ఏ మోడల్ అన్నదానికంటే, ఆ మోడల్‌లో ఏ బండి అన్నదాని మీదే ఎక్కువ రాస్తాను. డబ్బు పోయేది అక్కడే.

ముందు ట్రావెలర్ సంగతి తేల్చేద్దాం. లోపల నిలబడగలం కాబట్టి అందరి మనసూ దాని మీదకే పోతుంది. కానీ మీ బడ్జెట్‌లో దొరికేవి బాగా పాతబడి, ట్రావెల్స్‌లో తిరిగి తిరిగి వచ్చినవి. దాదాపు అన్నీ ఎల్లో బోర్డే, అంటే కిరాయికి తిప్పేవి. పర్మిట్, ఫిట్‌నెస్, క్వార్టర్లీ ట్యాక్స్ మీ మెడకు చుట్టుకుంటాయి. ప్రైవేటులోకి మార్చాలంటే పర్మిట్ సరెండర్ చేయాలి, ట్యాక్స్ బకాయిలు తీర్చాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి, బండిని ఆర్‌టీఏ ఆఫీసుకు తీసుకెళ్లి చూపించాలి. వింగర్ది కూడా చాలావరకు ఇదే కథ. అది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కాబట్టి ఫ్లోర్ కిందికి, సమంగా ఉంటుంది. బెడ్ వేసుకోవడానికి నిజంగా మంచి బండి. ఎవరైనా సొంతానికి వాడుకున్న వైట్ బోర్డు వింగర్ దొరికితే తప్పకుండా చూడండి. వేలంలో వచ్చే పాత అంబులెన్సులు చవకగా కనిపిస్తాయి గానీ, ఆర్‌సీలో క్లాసు అంబులెన్సు అని ఉంటుంది. అది మార్పించుకునే ఓపిక ఉంటేనే వాటి జోలికి వెళ్లండి.

చవకగా వచ్చే 'ఢిల్లీ బండ్ల' గురించి ఒక మాట. ఢిల్లీ చుట్టుపక్కల డీజిల్‌కి పదేళ్లు, పెట్రోల్‌కి పదిహేనేళ్లు దాటితే తిప్పకూడదని వచ్చిన ఆంక్షల వల్ల అక్కడ రేటు పడిపోయింది. ఇక్కడికి తేవాలంటే అక్కడి ఆర్‌టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), రీ-రిజిస్ట్రేషన్, మన రాష్ట్రంలో మళ్లీ లైఫ్ ట్యాక్స్. ఇవన్నీ కలిపి లెక్క వేశాక కూడా చవకే అనిపిస్తే అప్పుడు ఆలోచించండి.

ఇక మిగిలినవి ఓమ్నీ, ఈకో. ఓమ్నీ మీద నాకు చాలా ఇష్టం. 796 సీసీ ఇంజన్, ఏ ఊళ్లో ఆగినా బాగుచేసే మెకానిక్ ఉంటాడు. కానీ 2019లో తయారీ ఆపేశారు కాబట్టి మంచి కండిషన్‌లో ఉన్నవి రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. ప్రైవేటు బండికి ఆర్‌సీ పదిహేనేళ్లు. అంటే 2012 ఓమ్నీ కొంటే 2027లో రెన్యువల్‌కి వెళ్లాలి. అది అయిదేళ్లకే ఇస్తారు, బండి ఫిట్‌గా ఉందని తేలాలి. పైగా చోటు తక్కువ. ఓమ్నీ బయటి వెడల్పు 1410 మి.మీ., ఈకోది 1475. రెండూ ఐదడుగుల లోపే. లోపల చక్రాల గూళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఇరుకు. ఇద్దరు పడుకునేటప్పుడు ఆ రెండంగుళాల తేడా కూడా బాగా తెలుస్తుంది. పొడవులో ఈకో ఒక అడుగు ఎక్కువ.

అందుకే బండి చూడటానికి వెళ్లేటప్పుడు చాప, టేపు తీసుకెళ్లండి. బేరం మొదలెట్టక ముందే ఇద్దరూ లోపల పడుకుని చూడండి. అమ్మేవాళ్లు ఏమనుకున్నా ఫర్వాలేదు. ముందు సీట్లు పూర్తిగా ముందుకు జరిపి, సీటు వెనక నుంచి డిక్కీ డోర్ దాకా కొలవండి. తర్వాత ఒక అడుగు ఎత్తున్న పెట్టె మీద కూర్చోండి. బెడ్ ఎత్తు సుమారు అంతే వస్తుంది. తల రూఫుకు తగులుతుంటే రాత్రి తొమ్మిదింటి నుంచి పొద్దున దాకా మీరు పడుకునే ఉండాలి, కూర్చుని ఒక కప్పు టీ కూడా తాగలేరు. పక్క అద్దాలు తెరుచుకుంటాయో లేదో కూడా చూడండి. అవి తెరుచుకోకపోతే ఇద్దరి ఊపిరికే తెల్లారేసరికి లోపలంతా చెమ్మ పడుతుంది.

ఇప్పుడు బాడీ. ఇంజన్‌కి బోరు వచ్చినా, క్లచ్ ప్లేట్లు పోయినా బాగుచేయించవచ్చు, ఎంతవుతుందో ముందే తెలుస్తుంది. తుప్పు అలా కాదు. ఒకచోట టింకరింగ్ చేయిస్తే పక్కన లేస్తుంది, దాని మీద మీరు కట్టుకున్న బెడ్, పెట్టెలు అన్నీ విప్పాల్సి వస్తుంది. మా సముద్రతీరం బండ్లలో ఇది మరీ ఎక్కువ. విశాఖ, కాకినాడల్లో బీచ్ దగ్గర బయట నిలబెట్టిన బండి కంటే హైదరాబాద్‌లోనో కర్నూల్లోనో తిరిగిన బండికి పదివేలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

ఎక్కడ చూడాలంటే, స్లైడింగ్ డోర్ కింది రైలు, రూఫు పక్కన నీళ్లు పారే గాడి, జాకీ పెట్టే చోట్లు, వెనక చక్రాల గూళ్లు. చిన్న అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. అతుక్కోని చోట రంగు కింద లప్పం ఉన్నట్టే. అన్నిటికంటే ముఖ్యంగా మ్యాట్ లేపించి ఫ్లోర్ చూడండి. మన ఊళ్లలో ఇలాంటి వ్యాన్లు చాలా మటుకు వాటర్ క్యాన్లు వేయడానికి తిరుగుతాయి. ఇరవై లీటర్ల టిన్నులు రోజూ ఎక్కించి దించుతుంటే నీళ్లు ఒలికి మ్యాట్ కిందే నిలిచిపోతాయి. నేను చూసిన ఒక బండికి బయట పెయింట్ అద్దంలా మెరుస్తోంది. మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్ పిడితో తడితే 'టంగ్' అని మోగాల్సిన రేకు 'టప్' అంది. ఇంకాస్త నొక్కితే పిడి కిందికి దిగి రోడ్డు కనిపించింది. చేపలు వేసిన బండిని ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోవద్దు. ఉప్పునీళ్లకు ఫ్లోరూ పోతుంది, ఎన్నిసార్లు కడిగినా వాసనా పోదు.

వరదలో మునిగిన బండ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోనూ, మున్నేరు పొంగి ఖమ్మంలోనూ ఎన్నో బండ్లు మునిగాయి. వాటిలో కొన్ని కడిగి, సీటు కవర్లు మార్చి మార్కెట్లోకి వచ్చాయి. పట్టుకోవడం కష్టం కాదు. సీటు బెల్టు చివరి దాకా లాగండి. రోజూ వాడే భాగాన్ని ఎవరైనా కడుగుతారు. లోపల చుట్టలో ఉండే జానెడు ముక్కను మాత్రం ఎవరూ పట్టించుకోరు. నేను ఒక బ్రోకర్ దగ్గర చూసిన ఈకోలో బెల్టు మొత్తం లాగితే ఆఖరి ముక్క మీద గోధుమరంగు గీత అడ్డంగా కనిపించింది, వేలితో రుద్దితే సన్నటి ఒండ్రు రాలింది. సీటు కింద బోల్టుల తలలు తుప్పుపట్టి ఉన్నాయి, వైరింగ్ కప్లర్ విప్పితే పిన్నులు ఆకుపచ్చగా మారి ఉన్నాయి. అలాంటి బండిలో ఏ తీగ ఎప్పుడు షార్ట్ అవుతుందో చెప్పలేం. మీరు నిద్రపోయేది దానిలోనే కాబట్టి ఎంత తగ్గించినా వద్దనండి.

ఇంజన్ ఈ రెండిటిలోనూ ముందు సీట్ల కిందే ఉంటుంది. మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే సీటు లేపి చేయి పెట్టి చూడండి, వేడిగా ఉంటే అప్పటికే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, కాసేపు ఆగి రేజ్ చేస్తే నీలం పొగ కొడితే ఆయిల్ తాగుతున్నట్టు. ఆయిల్ మూత లోపల మజ్జిగ రంగు జిగురు ఉంటే నీళ్లు కలుస్తున్నాయేమో అని అనుమానించండి. తర్వాత ఏసీ ఆన్ చేసి అరగంట తిప్పండి, దగ్గర్లో ఫ్లైఓవర్ గానీ ఘాట్ గానీ ఉంటే ఎక్కించండి. టెంపరేచర్ ముల్లు మామూలు చోటికి వచ్చాక పైకి కదలకూడదు. అరవైలో వెళ్తూ యాక్సిలరేటర్ వదిలితే వెనక నుంచి హూ... అని సౌండ్ వస్తే క్రౌన్ (వెనక ఇరుసులోని పెద్ద గేరు) అరిగి ఉండొచ్చు. ఇవి వెనక చక్రాలు లాగే బండ్లు, బెడ్డు, సామాను వేసుకుని అనంతగిరి ఘాట్ ఎక్కినప్పుడు ఆ భారమంతా దాని మీదే పడుతుంది. పాత ఈకోలకు పవర్ స్టీరింగ్ ఉండదు, మీరిద్దరూ నడిపేవాళ్లయితే ఇద్దరూ నడిపి చూడండి.

సీఎన్‌జీ బండి అయితే కిట్ ఆర్‌సీలో ఎక్కించారా, సిలిండర్‌కి మూడేళ్లకోసారి చేయించాల్సిన హైడ్రో టెస్ట్ (ఒత్తిడి తట్టుకుంటుందో చూసే పరీక్ష) అయిందా అడగండి. బయట బిగించిన సిలిండర్ వెనక చోటంతా ఆక్రమించి ఉంటే మీ అవసరానికి ఆ బండి పనికిరాదు.

చట్టం సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. కాబట్టి రూఫు కోయడం, ఎత్తు పెంచడం, బాడీకి వెల్డింగ్ చేసి బెడ్ దించడం లాంటివి పెట్టుకోవద్దు. సీట్లు ఉంచి, ఊడదీయగలిగే ప్లైవుడ్ బెడ్ చేయించుకోండి. మా బెడ్ మూడు ముక్కలు, సీట్ల మీద ఆనుతుంది, ఇంటికొచ్చాక బయట పెట్టేస్తాం. ఎనిమిది బై నాలుగు షీటు 19 ఎం.ఎం.ది తీసుకుంటే దాదాపు 35 కిలోలు, 12 ఎం.ఎం.ది ఇరవై పైచిలుకు. కింద అడ్డపట్టీలు సరిగ్గా వేస్తే 12 చాలు. లోపల గ్యాస్ స్టవ్ మాత్రం వెలిగించకండి, వంట ఎప్పుడూ బయటే.

ఈకో కొనమని చెబుతూ ఒకటి దాచడం న్యాయం కాదు. 2016లో కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఈకోకి పెద్దవాళ్ల రక్షణలో సున్నా స్టార్లు వచ్చాయి. ముందు బానెట్ అంటూ పెద్దగా ఉండదు, ఏదైనా గుద్దితే దెబ్బ కాళ్లకే. మేం డెబ్బై దాటించం, చీకటి పడ్డాక హైవే మీద ఉండం. నీళ్ల డబ్బా, బ్యాటరీ, పెట్టెలు బెల్టులతో కట్టేయండి. సడన్ బ్రేక్ వేస్తే అవే వచ్చి వెనక నుంచి తగులుతాయి.

డబ్బు విషయానికొస్తే, బండికి రెండున్నర లక్షలు దాటనివ్వకండి. టైర్లు, బ్రేకులు, క్లచ్, బ్యాటరీలకని కనీసం నలభై వేలు వేరుగా పెట్టాక, మిగిలిందే బెడ్డుకి, ఫ్యానుకి, కర్టెన్లకి. టోకెన్ ఇచ్చే ముందే రవాణా శాఖ సైట్‌లో బండి నంబరు కొట్టి ఓనర్ పేరు, ఫైనాన్స్, ఇన్సూరెన్స్ గడువు, పెండింగ్ చలాన్లు చూడండి. ఫైనాన్స్ తీరిపోయింది అని నోటిమాట చెబితే చాలదు, బ్యాంకు ఎన్‌ఓసీతో ఆర్‌సీలో హెచ్‌పీ (బండి మీద అప్పు ఉందన్న నమోదు) తీయించి ఉండాలి. బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద ఓనరే మీ ఎదుట సంతకం పెట్టాలి. బ్రోకర్ జేబులోంచి తీసిన, ముందే సంతకాలు పెట్టి ఉన్న కాగితాలు తీసుకోవద్దు. పేరు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకి మార్పించుకోండి. అప్పుడే బెడ్ సంగతి కూడా వాళ్లకి రాతపూర్వకంగా చెప్పి ఉంచండి, రేపు క్లెయిమ్ దగ్గర పేచీ రాకుండా ఉంటుంది.