టెక్ సందేహాలు: సీటు కనబడ్డాకే పాయింట్లు కదపండి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు విమాన టికెట్లు, మైళ్లు (ఎయిర్‌లైన్లు తమ సభ్యులకు ఇచ్చే పాయింట్లు), కార్డు పాయింట్ల గురించే. మొదటి ప్రశ్నకు జవాబు కాస్త పొడవుగా ఉంటుంది. అమెరికాలో పిల్లలున్న ఎన్నో ఇళ్లకు పనికొచ్చే విషయం కాబట్టి తొందరపడకుండా చెబుతాను.

మా అమ్మాయి డాలస్‌లో ఉంటోంది. పురుడికి మేమిద్దరం వెళ్లాలి. తన క్రెడిట్ కార్డులో లక్షా తొంభై వేల పాయింట్లు ఉన్నాయట, వాటితోనే టికెట్లు చేస్తానంటోంది. పాయింట్ల టికెట్ అంటే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారని పక్కింటివాళ్లు అంటున్నారు. నిజమేనా? – ఒక తల్లి, తెనాలి

ఆ భయం పెట్టుకోకండమ్మా. మైళ్లతో చేసిన టికెట్ కూడా మామూలు ఈ-టికెట్టే. దానికీ పదమూడు అంకెల టికెట్ నంబరు ఉంటుంది. అందులో మొదటి మూడు అంకెలు చూస్తే ఎవరు జారీ చేశారో తెలుస్తుంది: 098 అయితే ఎయిరిండియా, 016 అయితే యునైటెడ్, 618 అయితే సింగపూర్ ఎయిర్‌లైన్స్. ఆ నంబరు వచ్చిందంటే సీటు మీదే. పీఎన్ఆర్ మాత్రమే వచ్చి టికెట్ నంబరు రాకపోతే బుకింగ్ ఇంకా పూర్తికాలేదని అర్థం. అమ్మాయిని ఆ నంబరు ఒక్కసారి చూసి చెప్పమనండి, మీకు టెన్షన్ తగ్గుతుంది.

ఇక అసలు సంగతి. కార్డులో ఉన్నవి బ్యాంకు పాయింట్లు, ఇంకా మైళ్లు కాలేదు. ఛేజ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ లాంటి కార్డుల పాయింట్లను ఏదో ఒక ఎయిర్‌లైన్ ఖాతాకు పంపితే అక్కడ మైళ్లవుతాయి. ఒకసారి పంపాక వెనక్కి రావు. అందుకే ముందు సీటు వెతికి, అది నిజంగా ఉందని తేల్చుకుని, ఆ తర్వాతే పాయింట్లు పంపాలి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న పాఠం. కొన్నేళ్ల కిందట మా అన్నయ్య వాళ్లకు టికెట్ చేద్దామని అరవై వేల పాయింట్లు ముందే పంపేశాను. అవి చేరడానికి రెండు రోజులు పట్టింది. ఈలోపు సీటు పోయింది. ఆ మైళ్లు ఏడాదికి పైగా ఆ ఖాతాలోనే ఇరుక్కుపోయాయి. వదిన ముందు తలెత్తుకోలేకపోయాను.

ఏ ఎయిర్‌లైన్‌కు పంపాలి అన్నది తర్వాతి మెట్టు. మీరు ఎక్కే విమానం ఒకరిది, మైళ్లు మరొకరివి కావచ్చు. స్టార్ అలయన్స్ అనే కూటమిలో ఎయిరిండియా, లుఫ్తాన్సా, యునైటెడ్, ఎయిర్ కెనడా, సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఉన్నాయి. ఎయిరిండియా 2014లో చేరింది. ఒకరి మైళ్లతో మరొకరి విమానం ఎక్కవచ్చు. అంటే అమ్మాయి తన పాయింట్లను ఎయిర్ కెనడా వాళ్ల మైళ్ల ప్రోగ్రాము ఏరోప్లాన్‌కు పంపి, దాంతో మిమ్మల్ని హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సాలో తీసుకెళ్లవచ్చు. కెనడాలో కాలు పెట్టే పనే లేదు. ఏరోప్లాన్‌కు కూటమి బయట అబుదాబి ఎయిర్‌లైన్ ఎతిహాద్ కూడా భాగస్వామి. పెద్దవాళ్లకు ఆ దారిలో ఒక సుఖం ఉంది. అమెరికా ఇమ్మిగ్రేషన్ అబుదాబిలోనే పూర్తవుతుంది, అమెరికాలో దిగాక పెద్ద క్యూలో నిలబడక్కర్లేదు. కాకపోతే న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగితే డాలస్‌కు మరో విమానం మారాలి. మోకాళ్ల నొప్పులుంటే ఇది ఆలోచించుకోవాల్సిన విషయమే.

ఎందుకు ఏరోప్లాన్ పేరే ఎత్తుతున్నానంటే, కారణం సర్‌ఛార్జ్. "మైళ్లతో టికెట్ ఉచితం" అని చాలామంది అనుకుంటారు. పన్నులు ఎలాగూ కట్టాలి. వాటి పక్కనే ఎయిర్‌లైన్ తనకు తానుగా వేసుకునే రుసుము ఒకటుంటుంది. టికెట్ లెక్కలో వైక్యూ, వైఆర్ అనే రెండక్షరాల కోడ్‌తో కనిపించేది అదే. కొన్ని ప్రోగ్రాములు దాన్ని మొత్తంగా మన మీద వేస్తాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాల మీద ఇది బాగా ఎక్కువ అని పేరు. ఏరోప్లాన్ 2020లో ప్రోగ్రామును మార్చినప్పుడు ఈ భారం తీసేసింది. భాగస్వాముల విమానాలకు మాత్రం ఒక్కో టికెట్‌కు 39 కెనడా డాలర్ల రుసుము తీసుకుంటుంది. యునైటెడ్ కూడా ఈ సర్‌ఛార్జ్ వేయదు. విమానం అదే, సీటు అదే, ఎవరి మైళ్లతో కొన్నామన్నదాన్ని బట్టి జేబులోంచి కట్టే డబ్బు వేలల్లో మారిపోతుంది. ఏ విమానం మీద ఎంత సర్‌ఛార్జ్ ఉందో ముందే చూడాలంటే గూగుల్ వాళ్ల ఐటీఏ మ్యాట్రిక్స్ అనే సైట్ ఉచితంగా ఉంది. అక్కడ ప్రయాణం ఎంచుకుంటే టికెట్ ధరను ముక్కలు ముక్కలుగా విడదీసి చూపిస్తుంది. మొదటిసారి చూస్తే కళ్లు తిరుగుతాయి, భయపడకుండా వైక్యూ, వైఆర్ అన్న వరసలు మాత్రం చూడమనండి.

వెతకడం ఇలా. ఏరోప్లాన్ సైట్‌లో లాగిన్ అయి, ముందు ఒక్కరికే వెతకాలి, తర్వాత ఇద్దరికి. తక్కువ మైళ్ల సీటు ఒక్కటే మిగిలి ఉంటే, ఇద్దరికని అడిగినప్పుడు ఆ ఒక్కటీ కనిపించకపోవచ్చు, లేదా ఇద్దరికీ ఎక్కువ రేటు చూపించవచ్చు. చూసిన లుఫ్తాన్సా సీటునే యునైటెడ్ సైట్‌లో కూడా అదే తేదీకి వెతకమనండి. రెండు చోట్లా కనబడితే నమ్మవచ్చు. ఒక్కచోటే కనిపించి, బుక్ చేయబోతే "ఎర్రర్" వస్తే అది లేని సీటు. కంప్యూటర్‌లో పాత సమాచారం తాజా కాకపోవడం వల్ల ఇలా దెయ్యం సీట్లు కనిపిస్తుంటాయి. ప్రయాణికుల వివరాలు నింపి డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లగలిగితే మరీ మంచిది. సీట్స్ డాట్ ఏరో లాంటి సైట్లు ఒకేసారి చాలా ప్రోగ్రాములు గాలించి చూపిస్తాయి. వాటిని దారి చూపడానికి వాడుకోండి, చివరి మాట మాత్రం ఎయిర్‌లైన్ సైట్‌దే.

లాభమా నష్టమా అన్న లెక్క కూడా వేసుకోవాలి. ఒక ఉదాహరణ: డబ్బుతో కొంటే టికెట్ 62,000 రూపాయలు. మైళ్లతో అయితే 40,000 మైళ్లు, పైన 14,000 రూపాయల పన్నులు. 62,000లోంచి 14,000 తీసేస్తే 48,000. దాన్ని 40,000తో భాగిస్తే ఒక మైలుకు రూపాయి ఇరవై పైసలు. డాలస్‌లోని కార్డు అదే పాయింట్లకు స్టేట్‌మెంట్‌లో ఎంత క్యాష్ ఇస్తుందో చూసి, అంతకంటే తక్కువ వస్తుంటే డబ్బు పెట్టి కొనేయడమే మేలు. వేసవి సెలవుల్లో, క్రిస్మస్‌కు టికెట్ ధర ఆకాశానికి ఎక్కినప్పుడే మైళ్లకు విలువ. పురుడు తేదీ మన చేతిలో లేదు కాబట్టి, వెళ్లేటప్పుడు ఒక వన్ వే, వచ్చేటప్పుడు ఇంకో వన్ వేగా విడివిడిగా చేయమనండి. తిరుగు ప్రయాణం మారినా మొదటి టికెట్ జోలికి వెళ్లక్కర్లేదు.

టికెట్ వచ్చాక ఇంకో పని ఉంది. ఏరోప్లాన్ ఇచ్చే పీఎన్ఆర్ లుఫ్తాన్సా సైట్‌లో పనిచేయకపోవచ్చు, వాళ్లకు వేరే ఆరక్షరాల పీఎన్ఆర్ ఉంటుంది. ఏరోప్లాన్‌కు ఫోన్ చేసి అది అడిగి రాసుకోండి. సీటు ఎంచుకోవడానికి, శాకాహార భోజనానికి, వీల్‌చైర్‌కు విమానం నడిపే కంపెనీ దగ్గరే చెప్పాలి. బ్యాగేజీ గడిలో 2పీసీ అని ఉందేమో చూసుకోండి. ఉంటే ఒక్కొక్కరికి రెండు పెట్టెలు. ఆవకాయ, కారప్పొడులు, పురిటి సామాను అన్నీ పడతాయి.

ఎయిర్‌లైన్ ప్రోగ్రాములో సభ్యుణ్ని. మూడుసార్లు ప్రయాణించినా మైళ్లు ఒక్కటీ పడలేదు. నంబరు ఇచ్చాననే గుర్తు. – ఒక పాఠకుడు, హనుమకొండ

మన తెలుగువాళ్లకు ఇది మామూలు కష్టం. కారణం పేరు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఒక గడి, గివెన్ నేమ్ ఒక గడి. ఇంటిపేరు కొండపల్లి, పేరు వెంకట సుబ్బారావు అనుకుందాం. ప్రోగ్రాములో చేరేటప్పుడు చాలామంది ఫస్ట్ నేమ్ "వెంకట", లాస్ట్ నేమ్ "సుబ్బారావు" అని నింపేస్తారు. టికెట్ మాత్రం పాస్‌పోర్టు ప్రకారం "కొండపల్లి / వెంకటసుబ్బారావు" అని వస్తుంది. కంప్యూటర్‌కు వీళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు. మైళ్లు పడవు.

బోర్డింగ్ పాస్ చూసి ఇంకో కంగారు పడుతుంటారు. బార్‌కోడ్‌లో పేరుకు ఇరవై అక్షరాల చోటే ఉంటుంది. ఇంగ్లిషులో కొండపల్లికి పది, మధ్య గీత ఒకటి పోతే తొమ్మిదే మిగిలి "వెంకటసు" దగ్గర తెగిపోతుంది. పాస్ మీద పేరు ఇలా తెగి కనబడితే తప్పేమీ కాదు, మైళ్లు పోయేదీ దానివల్ల కాదు. టికెట్ మీది పేరు, ఖాతాలో పేరు కలవాలి, అంతే.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లకు మరింత ఇబ్బంది. అమెరికా వీసా మీద వాళ్ల పేరు ముందు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని వస్తుంది. టికెట్ మీద ఎయిర్‌లైన్‌ను బట్టి ఎఫ్ఎన్‌యూ అనో, అదే పేరును రెండుసార్లో వేస్తారు. ఏ పద్ధతిలో వేశారో చూసి ఖాతాలోనూ అలాగే మార్పించుకోండి. పాస్‌పోర్టు కాపీ పంపితే సాధారణంగా సరిచేస్తారు. ఆ తర్వాత పాత ప్రయాణాల మైళ్లు "మిస్సింగ్ మైల్స్" లేదా "రెట్రో క్లెయిమ్" అనే పేజీలో టికెట్ నంబరుతో అడగాలి. దీనికి గడువుంటుంది, సింగపూర్ వాళ్ల క్రిస్‌ఫ్లయర్‌లో ఆరు నెలలే. పాత టికెట్ మెయిళ్లు, బోర్డింగ్ పాస్‌లు ఈ లోపల పారేయకండి. పేరు సరిగానే ఉండి కూడా పడకపోతే, మీరు కొన్న బాగా చవక టికెట్ తరగతికి మైళ్లే లేకపోవచ్చు. టికెట్ మీద బుకింగ్ క్లాస్ అనే ఒక్క అక్షరం చూసి, ప్రోగ్రాము పట్టికలో సరిచూసుకోండి.

క్లబ్ విస్తారాలో పాయింట్లు ఉండేవి. యాప్ పనిచేయడం లేదు. పోయినట్టేనా? – విశాఖపట్నం నుంచి

2024 నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయింది. అప్పుడు ఆ పాయింట్లను ఒకటికి ఒకటి చొప్పున ఎయిరిండియా ప్రోగ్రాములోకి మార్చారు. ఫ్లయింగ్ రిటర్న్స్ అని ఉండేది ఇప్పుడు మహారాజా క్లబ్. ఎయిరిండియా యాప్‌లో మీ పాత మెయిల్, ఫోన్ నంబరుతో లాగిన్ అయి చూడండి. రెండింటిలోనూ ఖాతాలుండి వివరాలు కలవకపోతే కస్టమర్ కేర్‌కు చెప్పి కలిపించుకోవాలి. పాయింట్లకు గడువు తేదీ అక్కడే కనిపిస్తుంది, ముందు అది చూడండి.

బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో మోడ్‌లో (వెతికింది గుర్తుంచుకోని పద్ధతిలో) వెతికితే మైళ్ల టికెట్ చవగ్గా వస్తుందా?

రాదు. మైళ్ల సీట్లు ఎన్ని వదలాలో ఎయిర్‌లైన్ నిర్ణయిస్తుంది, మీ బ్రౌజర్ కాదు. మీరు వెతుకుతుండగా రేటు పెరిగిందంటే చవక సీటు ఎవరో తీసుకున్నారని. నిజంగా తగ్గింపు కావాలంటే ఆఫర్లు కనిపెట్టండి. క్రిస్‌ఫ్లయర్‌లో స్పాంటేనియస్ ఎస్కేప్స్ పేరుతో ప్రతినెలా కొన్ని రూట్లకు మైళ్లలో 30 శాతం తగ్గింపు ఇస్తారు. ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్‌ఎంల ఫ్లయింగ్ బ్లూలో ప్రోమో రివార్డ్స్ అని నెలనెలా వస్తుంటాయి. తేదీల్లో పట్టువిడుపు ఉన్నవాళ్లకు ఇవి నిజంగా లాభం.

వాట్సాప్ గ్రూపులో ఒకరు బిజినెస్ క్లాస్ టికెట్ సగం ధరకు ఇస్తామంటున్నారు. "మా మైళ్లతో చేస్తాం" అంటున్నారు. తీసుకోవచ్చా? – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

దయచేసి వద్దు. మైళ్లు అమ్మడం దాదాపు అన్ని ప్రోగ్రాముల నిబంధనలకూ విరుద్ధం. కుటుంబంలోవాళ్లకో స్నేహితులకో ఇష్టంగా చేయించడం వేరు. క్రిస్‌ఫ్లయర్‌లో అయితే దానికీ ఐదుగురిని ముందే నామినీలుగా రాసుకోవాలి. డబ్బు తీసుకుని అమ్మినట్టు తేలితే ఎయిర్‌లైన్ టికెట్ రద్దు చేయవచ్చు, ఖాతా మూసేయవచ్చు. అది మీరు వెళ్లి అక్కడ ఉన్నప్పుడు జరిగితే తిరుగు టికెట్ ఉండదు. అంతకన్నా ఘోరం, ఆ మైళ్లు ఎవరి ఖాతాలోంచో దొంగిలించినవి కావచ్చు. అసలు మనిషి ఫిర్యాదు చేసిన రోజున టికెట్ మీద ఉండేది మీ పేరు, మీ పాస్‌పోర్టు నంబరు.

మీ మైళ్లు కూడా ఇలా ఎవరి చేతుల్లోనూ పడకుండా చూసుకోండి. ఎయిర్‌పోర్టులో కూర్చుని బోర్డింగ్ పాస్ ఫొటో స్టేటస్‌లో పెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఆ బార్‌కోడ్‌లో పేరు, పీఎన్ఆర్ ఉంటాయి, సభ్యత్వ నంబరు కూడా ఉండవచ్చు. పీఎన్ఆర్, ఇంటిపేరు తెలిస్తే చాలు, బుకింగ్ తెరిచేయవచ్చు. ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ అబాట్ 2020లో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఫొటోతో ఒక యువకుడు ఆయన పాస్‌పోర్టు నంబరు దాకా వెళ్లగలిగాడు. అతను మంచివాడు కాబట్టి అధికారులకు చెప్పాడు. పాత స్టేటస్‌లలో, ఫేస్‌బుక్ ఆల్బమ్‌లలో మీ బోర్డింగ్ పాస్‌లు ఉంటే ఇవాళే తీసేయండి. మైళ్ల ఖాతాకు బ్యాంకు ఖాతాకు పెట్టినంత గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. నాలుగంకెల పిన్ మాత్రమే పెట్టి వదిలేసినవాళ్లు చాలామందే ఉన్నారు, టూ-స్టెప్ వెరిఫికేషన్ ఉంటే అది కూడా ఆన్ చేయండి.