ఆరు దాటినా సీటు వదలరు!

ప్రశ్న: మా ఆఫీసులో పని అయిపోయినా మేనేజర్ కారు తాళాలు తీసేదాకా ఎవరూ లేవరు. చేరిన కొత్తలో నవ్వుకున్నాను, ఇప్పుడు నేనూ అంతే. తప్పు కనబడినా నోరు మెదపను. నేనే మారిపోయానా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మారారు, కానీ తప్పంతా మీది కాదమ్మా. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. డుమ్మాలు, గొడవలు, నాసిరకం కార్లు. 1982లో మూసేశారు. 1984లో టొయోటాతో కలిసి అక్కడే మళ్లీ తెరిచినప్పుడు తీసుకున్నది చాలావరకు ఆ పాత కార్మికులనే! తేడా ఏంటంటే, కార్లు బిగించే లైను పక్కన ఒక తాడు వేలాడేది, లోపం కనబడితే ఎవరైనా లాగొచ్చు, టీమ్ లీడర్ పరుగెత్తుకొస్తాడు, తిట్టడు, ‘ఏమైంది’ అని అడుగుతాడు, అవసరమైతే లైనే ఆగిపోతుంది. పాత రోజుల్లో లైను ఆపితే ఉద్యోగానికే ఎసరు. చూస్తుండగానే ఆ చేతులే మంచి కార్లు బిగించాయి. (గోడల మీద ‘మా విలువలు’ పోస్టర్లు అంటించేవాళ్లకి ఈ తాడు సంగతి ఎవరు చెప్పాలో!)

మీ దగ్గర ఆ తాడు లేదు. అందుకని పక్క సీటామెతో మాట్లాడుకుని రేపు ఇద్దరూ కలిసి లేవండి, ఒక్కరే లేస్తే చూపులన్నీ మీ మీదే ఉంటాయి. తప్పు కనబడితే మీటింగులో కాదు, ముందే మేనేజర్‌కి విడిగా చెప్పండి. ఆయన ఏమన్నారో మళ్లీ రాయండి.