ఇంట్లో ఒకరికి పాల అలర్జీ ఉంటే మిగతావాళ్లూ పాలు మానేయాలా?

మీ మూడేళ్ల బాబుకి పాల అలర్జీ అని తేలిందన్నారు. మిగతా నలుగురూ పాలు మానేయాలా, లేక వాడి గిన్నె, చెంచా వేరు చేస్తే చాలా అని అడిగారు. మా పాపకి ఇప్పుడు ఏడేళ్లు, తనకీ ఇదే. నేను డాక్టరుని కాను గానీ, ఈ విషయంలో చేయగలిగిన తప్పులన్నీ దాదాపు చేసేశాను కాబట్టి నాలుగు మాటలు చెప్పగలను.

మీ ప్రశ్నకి జవాబు చిన్నదే. అందరూ మానేయక్కర్లేదు. కానీ నేనైతే ఇంకోటి అడుగుతాను. డాక్టరు మీకు అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను, అంటే అలర్జీ ప్రాణం మీదికొస్తే వెంటనే పొడిచేది, రాసిచ్చి ఉంటే, అది ఇప్పుడు ఇంట్లో ఎక్కడుందో మీలో ఎంతమందికి తెలుసు? మా ఇంట్లో ఒక్కరికే తెలిసేది. ఆ ఒక్కరూ నేను కాదు.

పాపకి నాలుగేళ్లప్పటి సంగతి. మా ఆవిడ పని మీద రెండు రోజులు ఊరెళ్లింది. వెళ్లేముందు అన్నీ చెప్పింది, నేనూ అన్నిటికీ తలూపాను. అప్పటికి నాలుగేళ్లుగా ఈ అలర్జీతో కాపురం చేస్తున్నాం కదా, కొత్తగా వినాల్సిందేముంది అనుకున్నా. నిజానికి ఆ నాలుగేళ్లూ మోసింది తను. నేను పక్కన నడిచానంతే.

సాయంత్రం ఐదున్నరకి పాప బిస్కెట్ అడిగింది. ఎప్పుడూ కొనే ప్యాకెట్టే, అదే రంగు, అదే బొమ్మ. మూలన చిన్నగా 'కొత్త రుచి' అని ఉందట. 'ఉందట' అంటున్నానంటే, అది నేను చూసింది మర్నాడు. వెనకాల పదార్థాల జాబితాలో వే పౌడర్ చేరింది. చదివినా నాకు అర్థమయ్యేది కాదు లెండి. పాలు విరిగాక మిగిలే నీళ్లని ఆరబెట్టి చేసే పొడిని వే అంటారనీ, గడ్డకట్టే భాగంలో ఉండే ప్రోటీన్ కేసీన్ అనీ, రెండూ పాలేననీ మా ఆవిడకి తెలుసు. నేను 'పాలు' అనే మాట కోసమే వెతికే రకం.

ఒకటిన్నర బిస్కెట్ తిన్నాక "నాన్నా, నాలుక దురద" అంది. రెండు నిమిషాల్లో మూతి చుట్టూ దద్దుర్లు, తర్వాత మెడ మీద. నేను కంగారు పడలేదు, అదే పొరపాటు. దురదకిచ్చే సిరప్ ఉంది కదా, అది పట్టించి గడియారం చూస్తూ కూర్చున్నా. పది నిమిషాల్లో పనిచేస్తుందని నాకు నేనే చెప్పుకున్నా. ఈలోపు దగ్గు మొదలైంది. జలుబు దగ్గులా కాదు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు పొడిగా, ఆగకుండా. గొంతు బొంగురుపోయింది. ఆపైన వాంతి.

అప్పుడు మా పెద్దాడు, తొమ్మిదేళ్లవాడు, ఫ్రిజ్ తలుపు మీద అమ్మ అంటించిన కాగితం దగ్గరికెళ్లి గట్టిగా చదివాడు. "చర్మం మీద దద్దుర్లతో పాటు ఊపిరి ఇబ్బంది గానీ వాంతి గానీ ఉంటే ఇంజెక్షన్. ఆలోచించొద్దు." ఆ కాగితం ఏడాదిగా అక్కడే ఉంది. మంచినీళ్ల కోసం రోజుకి పదిసార్లు ఆ తలుపు తీస్తాను.

ఇంజెక్షన్ ఎక్కడ? బీరువాలో లేదు. మందుల డబ్బాలో లేదు. మా ఆవిడకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తింది. "వంటింటి తలుపు వెనక, ఎర్ర సంచీలో" అంది, అంతే. ఎందుకని కూడా అడగలేదు. నా గొంతు వింటే తెలిసిపోయి ఉంటుంది.

సంచీ దొరికింది. పెన్ను చేతిలోకి తీసుకుని తలకిందులుగా పట్టుకున్నా. అలా పట్టుకున్నవాళ్లు తమ బొటనవేలికే పొడుచుకుంటారని తర్వాత తెలిసింది. పెద్దాడే తిప్పి పట్టించాడు. సూది లేని నకిలీ పెన్నుతో వాళ్లమ్మ వాడి చేత చాలాసార్లు చేయించిందట. తొడకి బయటివైపు, బట్ట మీదనుంచే, నొక్కి పట్టి లెక్కపెట్టాం. మొదటి దురదకీ ఇంజెక్షన్‌కీ మధ్య ఇరవై నిమిషాలు పోయాయి. ఐదారు నిమిషాల్లో దగ్గు తెరిపిచ్చింది. అంబులెన్స్ వచ్చేసరికి పాప ఏడుస్తోంది. అంత హాయిగా వినిపించిన ఏడుపు నా జీవితంలో ఇంకోటి లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రెండు ప్రశ్నలే అడిగారు. ఎన్ని నిమిషాలకి ఇచ్చారు? ఇరవై. అందాకా ఏం చేశారు? సిరప్ పట్టించాను. ఆవిడ కోప్పడలేదు, అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఆ సిరప్ దురదనీ దద్దుర్లనీ తగ్గిస్తుంది గానీ మూసుకుపోతున్న గొంతుని తెరవదు, పడిపోతున్న బీపీని ఆపదు అని చెప్పారు. పాపని భుజాన వేసుకుని గుమ్మం దాకా పరిగెత్తానంటే, ఇంకెప్పుడూ అలా చేయకండి అన్నారు. ఇలాంటప్పుడు నిలబెట్టకూడదు, నడిపించకూడదట. కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి పడుకోబెట్టాలి, ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోబెట్టాలి. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకి మళ్లీ రావచ్చని ఆ రాత్రి అక్కడే ఉంచారు. ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో నెమ్మదించకపోతే రెండో ఇంజెక్షన్ కావాలి, అందుకే పెన్నులు ఎప్పుడూ రెండు ఉండాలన్నారు. మా సంచీలో రెండున్నాయి. చెప్పానుగా, మా ఆవిడకి అన్నీ తెలుసు.

ఇక్కడ నా మొదటి ఫిర్యాదు మన మాట మీదే. అన్నిటికీ 'పడదు' అనేస్తాం. మా మావయ్యగారికి పాలు పడవు, మా పాపకీ పాలు పడవు. ఆయనకి పడకపోవడం అంటే కడుపుబ్బరం, ఒక గంట ఇబ్బంది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరని అరిగించే ఎంజైమ్ వయసుతో తగ్గిపోతుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మందిది ఇదే కథ. పాపది చక్కెర గొడవ కాదు. పాల ప్రోటీన్‌ని శరీరం శత్రువనుకుని యుద్ధానికి దిగడం. రెంటికీ ఒకే మాట వాడబట్టి మావయ్యగారు ఏళ్ల తరబడి "నాకూ పడవమ్మా, నేను బతికే ఉన్నాగా, కొంచెం కొంచెం అలవాటు చేయండి" అనేవారు. ప్రేమతోనే అనేవారు. ఆయనొక్కరే కాదు. మా పిన్ని ఒకసారి ఎంతో వెతికి లాక్టోజ్ తీసేసిన పాలు తెచ్చింది. అందులో చక్కెర మాత్రమే పోతుంది పిన్నీ, ప్రోటీన్ అలాగే ఉంటుంది అని చెప్పేసరికి ఆవిడ మొహం చిన్నబోయింది. మేకపాలు పట్టించమన్నవాళ్లయితే లెక్కలేదు. ఆవుపాల అలర్జీ ఉన్న పిల్లల్లో చాలా ఎక్కువమందికి మేకపాలూ పనికిరావు, ఆ ప్రోటీన్లు అంత దగ్గరి చుట్టాలు.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు పాప విషయంలో 'పడదు' అనే మాట వాడం. "అలర్జీ, ఊపిరాడదు" అంటాం. పిల్ల ఎదుట అంత భయంకరంగా ఎందుకని ఒకావిడ నొచ్చుకుంది. నొచ్చుకోనీండి. సున్నితంగా చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు "కొంచెమే కదా" అన్నారు.

ఇంకో ఫిర్యాదు రక్తపరీక్షల మీద. మాకు తెలిసినవాళ్లు పిల్లవాడి ఒంటి మీద దురదలని వంద పదార్థాలకి ఒకేసారి పరీక్ష చేయించారు. నలభై పదార్థాల మీద ఎర్రగీతలతో కాగితం వచ్చింది. అవన్నీ మాన్పించారు, పిల్లాడు చిక్కి సగమయ్యాడు. అది రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీలని చూసే పరీక్ష. ఆ పదార్థం తిన్నాడని చెబుతుందే గానీ అలర్జీ ఉందని చెప్పదు. యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే దీన్ని అలర్జీ నిర్ధారణకి వాడొద్దంది. మా పాపకి వచ్చినట్టు వెంటనే వచ్చే అలర్జీకి చూసేది ఐజీఈ అనే ఇంకో రకం యాంటీబాడీని. అదీ ఒంటరిగా సరిపోదు, తిన్నప్పుడు ఏం జరిగిందన్న కథతో కలిపి చూడాలి. తేల్చి చెప్పేది మాత్రం డాక్టరు కళ్ల ముందు కొద్దికొద్దిగా తినిపించి చూసే పరీక్షే. కాబట్టి ఎవరి మాటా విని ఇంకో నాలుగు పదార్థాలు ముందుజాగ్రత్తగా ఆపేయకండి. ఎదిగే పిల్లలు.

సరే, గిన్నెల సంగతి. పాప పాకుతూ, దొరికినవన్నీ నోట్లో పెట్టుకుంటూ ఉన్నన్నాళ్లు మేం పాలని ఇంట్లోకే రానివ్వలేదు. మూడేళ్లు దాటాక, 'నా గ్లాసు, మీ గ్లాసు' అని తనే చెప్పడం వచ్చాక, మళ్లీ తెచ్చుకున్నాం. నా కాఫీ నాకు తిరిగొచ్చింది. మీ బాబు కూడా ఆ వయసులోనే ఉన్నాడు, వాడి తీరు చూసి మీరే నిర్ణయించుకోవాలి. పాప వంట ముందు అవుతుంది, మాది తర్వాత. పాలు తాగేవాళ్లు బల్ల దగ్గరే తాగాలి, ఇల్లంతా తిరుగుతూ కాదు. తాగాక బల్లకీ చేతులకీ సబ్బునీళ్లు. శానిటైజర్ రాసుకుని కడుక్కున్నామనుకోకండి. అది క్రిముల్ని చంపుతుందేమో గానీ ప్రోటీన్ చేతి మీదే ఉంటుంది. పరిశోధకులు వేరుశనగతో పరీక్షించి చూస్తే సబ్బుకీ తడి తుడుపు కాగితాలకీ పోయింది, శానిటైజర్‌కి పోలేదు.

మా పెద్దాడి కోసం కూడా పాలు తెచ్చుకున్నాం. వాడేం పాపం చేశాడు? చెల్లి జబ్బుకి అన్న శిక్ష అనుభవిస్తే, పిల్లలు పైకి అనరు గానీ లోపల పెట్టుకుంటారు. ఇది నా నమ్మకం, ఎవరూ కాదన్నా మార్చుకోను.

ప్యాకెట్లయితే ప్రతిసారీ చదవాల్సిందే. ఎప్పుడూ కొనేదే అయినా, నిన్న కొన్నదే అయినా. ఒకసారి కొట్లో, ఒకసారి ఇంట్లో. 'పాలు ఉండవచ్చు' అనే హెచ్చరిక చాలా దేశాల్లో కంపెనీల ఇష్టం, రాయాలన్న నియమం లేదు. అది లేనంత మాత్రాన కలవలేదని కాదు. తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థాల జాబితా కూడా చోటుని బట్టి మారుతుంది. యూరప్‌లో 14, అమెరికాలో 2023లో నువ్వులు చేర్చాక 9. పాలు మాత్రం రెండిట్లోనూ ఉన్నాయి. అక్షరాలు ఎందుకంత చిన్నగా వేస్తారో మాత్రం నాకెవరూ చెప్పలేదు. ధర మాత్రం చక్కగా కనిపిస్తుంది.

భయపెట్టేశానేమో. పాల అలర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి పెద్దయ్యేకొద్దీ పోతుంది. వేరుశనగతో అంత అదృష్టం ఉండదు, అయిదుగురిలో ఒకరికి పోతుంది. మా పాపకి ఏటా పరీక్ష చేయిస్తున్నాం. కిందటేడు ఆసుపత్రిలో కూర్చోబెట్టి, పాలు కలిపి బాగా బేక్ చేసిన కేకు కొంచెం కొంచెం తినిపించారు. తట్టుకుంది. ఎక్కువ వేడికి ప్రోటీన్ రూపు మారుతుంది కాబట్టి కొందరు పిల్లలు ముందు దాన్ని తట్టుకుంటారట. ఇంట్లో మీరుగా ప్రయత్నించకండి, మేమూ ప్రయత్నించలేదు. మామూలు పాలు, పెరుగు ఇంకా దూరమే.

ఎర్ర సంచీ ఇప్పుడు తలుపు వెనక లేదు, గుమ్మం పక్కన కొక్కేనికి వేలాడుతోంది. పాప ఎక్కడికెళితే అదీ అక్కడికి, ఎవరి చేతిలో పాప ఉంటే వాళ్ల భుజాన. ఆర్నెల్లకోసారి అందరం నకిలీ పెన్ను పట్టుకుని సాధన చేస్తాం. పోయినసారి గడువు తీరిన అసలు పెన్నుని మావయ్యగారి చేత కమలాపండుకి పొడిపించాం. ఆయన తలకిందులుగా పట్టుకున్నారు, సరిగ్గా నాలాగే. పాప నవ్వుతూ తిప్పి పెట్టింది.

ఇప్పుడున్న రెండు పెన్నుల గడువు వచ్చే నెలతో అయిపోతోంది. సోమవారం వెళ్లి కొత్తవాటికి చీటీ రాయించుకు రావాలి. ఆ పని నాదే. మా ఆవిడకి గుర్తుందో లేదో నేను అడగలేదు.