ల్యాప్‌టాప్‌కు మాత్రమే వైఫై అందకపోతే

ఆగస్టులో చదువు కోసం షికాగోకు వచ్చిన ఒక అబ్బాయి అడిగిన సందేహం ఇది. ఇంట్లో అందరి ఫోన్లకూ వైఫై నిండుగా వస్తోందట, హైదరాబాద్‌లో మూడేళ్ల క్రితం కొన్న తన ల్యాప్‌టాప్‌కు మాత్రం రౌటరు పక్కన కూర్చుంటే తప్ప అందడం లేదట. లోపలి యాంటెనా పోయిందని దుకాణంలో చెప్పారట. బాగు చేయించాలా, కొత్తది కొనాలా అని అడిగాడు. రెండూ చేసే ముందు ల్యాప్‌టాప్ అడుగు మూత ఒకసారి విప్పి చూడమన్నాను.

చాలా ల్యాప్‌టాప్‌లలో తెర చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం వెనుక, పై అంచున, పలుచని రేకు ముక్కలు రెండు అతికించి ఉంటాయి. అవే యాంటెనాలు. లోహం రేడియో తరంగాలను అడ్డుకుంటుంది కనుక, అల్యూమినియం మూత ఉన్న మోడళ్లలో వాటిని మూత మడిచే కీలు దగ్గరి ప్లాస్టిక్ పట్టీ వెనుకనో మరో చోటనో అమరుస్తారు. ఒక్కొక్క దాని నుంచి సుమారు 1 మిల్లీమీటరు మందమున్న తీగ కీలు గుండా కిందికి దిగి, వైఫై కార్డు మీద టిచ్ బటన్‌లా నొక్కుకుంటుంది. రోజుకు పదిసార్లు మూత తెరిచి మూస్తే నలిగేది ఆ కీలు దగ్గరి తీగే; సూట్‌కేసులో కుదుపులకు ఊడేది ఆ బటనే. రేకు ముక్క దానంతట అది పాడవడం నేను చూడలేదు.

నా పాత ల్యాప్‌టాప్‌కు ఇదే జబ్బు చేసినప్పుడు ఒక దుకాణంలో 140 డాలర్లు అడిగారు. ఇంటికి తెచ్చి విప్పితే నల్లతీగ బటన్ ఊడి కార్డు పక్కన పడి ఉంది. వేలిగోటితో నొక్కితే టిక్కుమని కూర్చుంది, అంతే.

కనుక ముందు పరీక్షించండి. రౌటరుకు పది అడుగుల దూరంలో కూర్చుని, తెర ఉన్న మూతను నెమ్మదిగా ముందుకూ వెనక్కూ వంచుతూ సిగ్నల్ గీతలను గమనించండి. మూత కదిలినప్పుడల్లా సిగ్నల్ పడి లేస్తుంటే కీలులో తీగ తెగుతోందని అనుకోవచ్చు. ఎటు వంచినా ఒకే తీరున బలహీనంగా ఉంటే బటన్ ఊడి ఉండవచ్చు. అసలు వైఫై గుర్తే కనిపించకపోతే అది యాంటెనా సంగతి కాదు, కార్డుదో, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవరుదో.

విప్పేటప్పుడు విజయవాడ ఉక్కపోతలో పెరిగిన వారికి తెలియని చిక్కు ఒకటి ఇక్కడ ఉంది. చలికాలంలో హీటరు వల్ల గాలి ఎండిపోయి, తివాచీ మీద నడిచి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుంది కదా, ఆ మెరుపే కార్డును కాల్చగలదు. తివాచీ లేని వంటగదిలో బల్ల మీద పని పెట్టుకుని, ముందుగా ఏదైనా లోహపు కొళాయిని ముట్టుకోండి. అడుగు మూత తీయగానే మొదట బ్యాటరీ ప్లగ్గు ఊడదీయండి.

బటన్‌ను తీగ పట్టి లాగకూడదు, ప్లాస్టిక్ పుల్లతో కింది నుంచి పైకి లేపాలి. పెట్టేటప్పుడు సరిగ్గా నడిమధ్యన ఆనించి నిటారుగా నొక్కాలి. ఇవి పదే పదే తీసి పెట్టడానికి చేసినవి కావు, సుమారు 30 సార్లకే వదులవుతాయి. పాత పెద్ద కార్డుల బటన్లవీ, ఇప్పటి చిన్న ఎం.2 రకం కార్డుల బటన్లవీ వేర్వేరు కొలతలు కాబట్టి యాంటెనా తీగ కొనే ముందు మీ కార్డు ఏదో చూసుకోండి.

నిజంగా యాంటెనానే మార్చవలసి వస్తే మీ మోడల్ నంబరుతో దొరికేదే తీసుకోండి. తెర చట్రం జిగురుతో అంటి ఉంటే హెయిర్ డ్రయ్యరుతో వెచ్చజేసి పాత క్రెడిట్ కార్డు అంచుతో విడదీయవచ్చు. తీగను పాత గాడిలోనే నడిపి, కీలు దగ్గర కొంచెం వదులు ఉంచాలి. తెర మీద అంచు నుంచి అంచు దాకా ఒకే అద్దం ఉన్న మోడల్ అయితే మాత్రం ఆ జోలికి పోవద్దు. అద్దం పగిలితే యాంటెనాకు పదింతల ఖర్చు. ఇరవై డాలర్ల యూఎస్‌బీ వైఫై పరికరంతో సెమిస్టర్ గడిచిపోతుంది.

యూనివర్సిటీ పాత సామాను అమ్మే సర్‌ప్లస్ అమ్మకంలోనో, ఎవరి దగ్గరో పాత డెస్క్‌టాప్ కొన్నవారి బాధ వేరు. వెనుక ఉండవలసిన రెండు యాంటెనాలు చాలాసార్లు పెట్టెతో పాటు రావు, అవి లేకపోతే సిగ్నల్ గది దాటదు. కొత్తవి కొనేటప్పుడు మధ్యలోని సూదిని చూడండి. వైఫైకి వాడే ఆర్పీ-ఎస్‌ఎంఏ అనే కనెక్టర్ రకంలో కంప్యూటర్ వైపు బయటి మరతో పాటు సూది ఉంటుంది, యాంటెనాలో సూది బదులు రంధ్రం ఉంటుంది. మామూలు ఎస్‌ఎంఏ యాంటెనా తెస్తే మర చక్కగా బిగుస్తుంది, కానీ రెండు సూదులూ ఎదురెదురై వంగిపోతాయి. ఇనుప పెట్టె వెనుక, గోడకు ఆనించి బిగించిన యాంటెనా కంటె, అయస్కాంతపు అడుగుతో తీగ పొడవున్నది తెచ్చి బల్ల మీద పెట్టుకున్నదే బాగా పనిచేస్తుంది.

కార్డు కూడా మార్చాలనుకునే వారు ఒక్క అంకె దగ్గర జాగ్రత్తపడాలి. ఇంటెల్ ఏఎక్స్‌210 వైఫై కార్డు మామూలు ఎం.2 స్లాట్‌లో చాలావరకు పనిచేస్తుంది. ఏఎక్స్‌211 మాత్రం దానికి తగిన ఇంటెల్ చిప్‌సెట్ (మదర్‌బోర్డు మీది ప్రధాన చిప్) ఉన్న వాటిలోనే పనిచేస్తుంది కాబట్టి, ఏఎండీ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌కు అది తెచ్చుకుంటే తిరిగి ఇచ్చేయవలసి వస్తుంది. బిల్లు పారేయకండి.