ఒంటి చేత్తో కూరలు కోయడం

అక్కా, స్ట్రోక్ తర్వాత ఎడమచేతికి పట్టు లేక కూరగాయలు జారిపోతున్నాయన్నారు కదా. కటింగ్ బోర్డు కింద తడిగుడ్డ పరవండి, కదలదు. బోర్డుకి అడుగు నుంచి రెండు స్టెయిన్‌లెస్ స్టీలు మేకులు కొట్టించండి. పైకొచ్చిన మొనలకు బంగాళాదుంప గుచ్చి కుడిచేత్తో కోసేయొచ్చు. పని అయ్యాక మొనలు కప్పి పెట్టండి. బీన్స్, క్యారెట్ అయితే బెంగళూరు సూపర్‌మార్కెట్లలో కోసినవే దొరుకుతాయి, ఎందుకా శ్రమ!

గంజి వార్చే పని పెట్టుకోకండి. రైస్ కుక్కర్లో బియ్యం, పెసరపప్పు, సొరకాయ ముక్కలు వేసి మెత్తగా పులగం వండుకోండి, కుర్చీలో కూర్చునే. ఎడమచేతికి స్పర్శ తగ్గితే వేడి తెలియదు, జాగ్రత్త. ఉప్పు తగ్గించి నిమ్మరసం, జీలకర్ర వేయండి. ఆవకాయంటే నాకూ ప్రాణమే, కానీ బీపీ ఉంటే వద్దు.

తినేటప్పుడు తరచూ పొలమారుతుంటే మాత్రం ముందు డాక్టరుకు చెప్పండి. అది మింగడంలో ఇబ్బంది కావచ్చు.