పొద్దున్నే మొరాయించే బండి

బండ్ల రిపేర్ల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం టాటా ఇండికా కార్లవే. మూడింటికి జవాబు రాస్తున్నాను. మొదటిదానికి చోటు కాస్త ఎక్కువ పట్టింది, ఏమనుకోకండి.

ప్రశ్న: మేస్త్రిగారూ, మాది 2004 ఇండికా డీజిల్. పొద్దున పూట ఎంత సెల్ఫ్ కొట్టినా ఒక పట్టాన అందుకోదు. తెల్లపొగ కక్కుతుంది. ఎలాగో స్టార్ట్ అయ్యాక నాలుగు నిమిషాల్లో సర్దుకుంటుంది, ఇక రోజంతా ఏ గొడవా ఉండదు. షెడ్డులో చూపిస్తే కంప్రెషన్ పోయింది, రింగులు మార్చి బోరింగ్ చేయించాలి, నలభై వేలవుతుంది అన్నారు. చేయించమంటారా?
(ఒక కొబ్బరి రైతు, అంబాజీపేట)

జవాబు: ఇప్పుడే వద్దండి. కంప్రెషన్ అంటే సిలిండర్‌లో గాలిని నొక్కే బలం, ఆ గాలి జారిపోకుండా ఆపేవి పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, బోరింగ్ అంటే అరిగిన సిలిండర్‌ని లోపల చెక్కించడం. రింగులు అరిగిన బండి కూడా వేడి మీద తేలిగ్గానే స్టార్ట్ అవుతుంది, కాబట్టి ఆ ఒక్క మాట పట్టుకుని మీ రింగులు బాగున్నాయని నేను అనను. కానీ రింగులు పోతే వేరే గుర్తులు కూడా ఉంటాయి. నీలంపొగ వస్తుంది. ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, దాని మీద ఆయిల్ వారం వారం దిగిపోతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే అన్నం కుండ మీద మూత తీసినట్టు గుప్పుగుప్పున ఆవిరి కొడుతుంది. ఇవేవీ మీరు రాయలేదు. నలభై వేలు తీసే ముందు రెండు వందలతో అయ్యే పని చూద్దాం.

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ఉండదు. గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకి నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. మీ 1405 సీసీ ఇంజన్‌లో నాజిల్ చిమ్మిన డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, ఇంజన్ పైభాగమైన హెడ్డులో ఉన్న చిన్న గదిలో పడుతుంది. తెల్లవారేసరికి ఆ గది గోడలు చల్లబడి ఉంటాయి, పుట్టిన వేడంతా అవే లాగేసుకుంటాయి. అందుకే ఆ గదిని కరెంటుతో వేడిచేసేందుకు సిలిండర్‌కొకటి చొప్పున నాలుగు హీటర్ ప్లగ్గులు పెట్టారు. వాటిలో రెండు చచ్చిపోతే సంక్రాంతి మంచులో బండి మీరు చెప్పినట్టే చేస్తుంది. తెల్లపొగ అంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, కాలడం లేదు అని అర్థం.

చూడడం కష్టం కాదు. నాలుగు ప్లగ్గులనీ కలిపే రేకు పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని ఊడదీయండి. ఇది మర్చిపోతే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. టెస్ట్ లాంప్, అంటే తీగలున్న చిన్న బల్బు, ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి తగిలించి, రెండో కొస ఒక్కో ప్లగ్గు తలకి ముట్టించండి. బల్బు వెలిగితే ప్లగ్గు బతికున్నట్టు, వెలక్కపోతే పోయినట్టు. నాలుగూ బాగుంటే వాటికి కరెంటు ఇచ్చే రిలే చూడాలి. బ్యాటరీ నీరసపడి సెల్ఫ్ ఈడుస్తున్నా ఇదే తెల్లపొగ వస్తుంది, అదీ గమనించండి. ఎవరైనా ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే తెచ్చి గాలి పైపులో కొట్టబోతే మాత్రం ఆపండి. హీటర్ ప్లగ్గులు ఎర్రగా కాలి ఉండగా ఈథర్ వెళ్తే లోపల పేలుతుంది.

ఒకవేళ సెల్ఫ్ కొడుతుంటే పొగ అనేదే రావట్లేదనుకోండి, కథ వేరు. డీజిల్ అందట్లేదు, డీజిల్ పైపులోకి ఎక్కడో ఎయిర్ (గాలి) దూరుతోంది. ఈ ఎయిర్ దగ్గర నేను ఒకసారి పరువు పోగొట్టుకున్నాను. రావులపాలెం నుంచి ఒక డీజిల్ అంబాసిడర్ వచ్చింది, రోజూ పొద్దున ఇదే గోల. నేను తప్పు డీజిల్ పంపుదే అనుకుని దాన్ని ఊడదీసి, రాజమండ్రిలో పంపులు బాగుచేసే పంప్ రూముకి పంపాను. ఎనిమిది రోజులు పట్టింది, బిల్లు బాగానే అయింది, బిగించాక మళ్లీ అదే తంతు. ఆఖరికి ఆ బండి డ్రైవరు టీ తాగుతూ అన్నాడు, "అయ్యగారి వియ్యంకుడి ఇంటి దగ్గర పెడితే మాత్రం ఠక్కున అందుకుంటుందండి, ఆయ్" అని. వెళ్లి చూశాను. సొంతింట్లో బండి ఏటిగట్టు ఎక్కే వాలులో ముక్కు పైకి పెట్టి ఉంటుంది. వియ్యంకుడి ఇంట్లో ముక్కు చేను వైపు పల్లానికి. ట్యాంకు దగ్గర రబ్బరు పైపు క్లిప్పు కింద వెంట్రుకంత పగిలింది. బయటికి ఒక్క చుక్క కారదు, కానీ ముక్కు పైకి ఉన్న రాత్రి ఆ సందులోంచి గాలి దూరి డీజిలంతా వెనక్కి జారిపోతుంది. బొటనవేలంత పైపు ముక్క. పంపు బిల్లులో సగం నేనే పెట్టుకున్నాను.

కాబట్టి ఓ రెండు రాత్రులు బండిని ముక్కు పల్లానికి పెట్టి చూడండి. తేడా కనిపిస్తే ఫిల్టరుకీ పంపుకీ మధ్య పారదర్శకమైన పైపు వేయించి, పొద్దున సెల్ఫ్ కొట్టేటప్పుడు బుడగలు వస్తున్నాయేమో చూడండి.

ఇవన్నీ అయ్యాక కూడా తెల్లపొగ ఉంటే అప్పుడు కంప్రెషన్ గేజి పెట్టించి, నాలుగు సిలిండర్ల లెక్కా కాగితం మీద రాయించుకోండి. లెక్క చూడకుండా బోరింగ్ మాట ఎత్తే షెడ్డుకి మళ్లీ వెళ్లకండి. అన్నట్టు, వాల్వుల్నీ పిస్టన్లనీ ఒక లయలో నడిపే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే ఆ డబ్బు ముందు దానికి పెట్టండి. అది తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి.

ప్రశ్న: కనకాయలంక కాజ్‌వే మీద నీళ్లు మోకాలి లోతే కదా అని దిగితే మధ్యలో డీజిల్ బండి ఆగిపోయింది. ట్రాక్టరుతో లాగి ఇంటికి తెచ్చాం. బ్యాటరీ బాగుంది, స్టార్ట్ చేయొచ్చా?
(పి.గన్నవరం దగ్గర నుంచి)

జవాబు: తాళం తీసి ఇంట్లో దాచేయండి. గాలి నలుగుతుంది గానీ నీళ్లు నలగవు. సిలిండర్‌లో గ్లాసుడు నీళ్లున్నా, మీరు సెల్ఫ్ కొడితే వంగేది పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్డే. 2022 జులై వరదలప్పుడు నా దగ్గరికొచ్చిన బండ్లలో నీళ్లలో పాడైనవాటి కంటే ఇంటికొచ్చాక "ఒక్కసారి చూద్దాం" అని సెల్ఫ్ కొట్టి పాడుచేసుకున్నవే ఎక్కువ.

ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. ఫిల్టర్ పొడిగా ఉంటే అదృష్టవంతులే. తడిసి ఉంటే హీటర్ ప్లగ్గులు నాలుగూ ఊడదీసి, క్రాంకు పుల్లీకి స్పానర్ వేసి చేత్తో తిప్పించండి, ఆ కన్నాల్లోంచి నీళ్లు చిమ్ముతాయి. ముఖం అక్కడ పెట్టకండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంటే మొత్తం దించి కొత్తది పోయాలి. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే మర ఉంటుంది, అదీ విప్పండి. గేర్‌బాక్సు ఆయిల్‌లోనూ నీళ్లు చేరొచ్చన్న సంగతి అందరూ మర్చిపోతారు, బేరింగులు మూడు నెలల తర్వాత ఏడుస్తాయి.

ప్రశ్న: యానాంలో డీజిల్ చవక. రకం తక్కువదా? నాది 2010 స్విఫ్ట్ డీజిల్. కాస్త కిరోసిన్ కలిపితే నాజిళ్లు శుభ్రమవుతాయని మా బావ అంటాడు.
(కాకినాడ)

జవాబు: యానాం పుదుచ్చేరి కింద ఉంది, అక్కడ పన్ను తక్కువ. అంతే తేడా. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా గంధకం బాగా తగ్గించిన బీఎస్-6 డీజిలే. మీ బండికి భేషుగ్గా పనికొస్తుంది. కిరోసిన్ మాత్రం వద్దు. మీది కామన్ రైల్ ఇంజన్, అంటే డీజిల్‌ని చాలా ఎక్కువ ప్రెషర్‌లో ఒకే గొట్టంలో నిలిపి అన్ని ఇంజెక్టర్లకీ పంచేది. ఆ ప్రెషర్‌లో తిరిగే పంపుకి వేరే ఆయిల్ లేదు, డీజిల్ జిడ్డే దానికి ఆధారం. కిరోసిన్‌కి ఆ జిడ్డు చాలదు. పంపు అరిగి రాలిన ఇనుప రజను వెళ్లి ఇంజెక్టర్లలో కూర్చుంటుంది. అప్పుడు నాలుగు ఇంజెక్టర్ల ధర అడిగి, ఆ బిల్లు బావగారికి పంపండి.